రెండక్షరాల నిషేధం

మల్లవరప్పేట మెయిన్ రోడ్డులో తటవర్తి వైకుంఠం హార్డ్‌వేర్ షాపు ఎంత పాతదో, అందులో ఆయన నోట వినిపించే "లేదు" అనే మాట కూడా అంత పాతది. కొనడానికి వచ్చినవాడు మెట్టు మీద కాలు పెట్టి, "వైకుంఠం గారూ, ముప్పావించి ఇత్తడి..." అనేలోపే లోపలినుంచి "లేదు" అని వినిపించేది. ఆ వెనకే, "బస్టాండు దగ్గర కొత్త కొట్లో ఉంటుంది, చూసుకో" అని కూడా వినిపించేది. మేస్త్రీలకీ ప్లంబర్లకీ ఆ పద్ధతి ప్రాణం. మండుటెండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చినవాడికి సరుకు ఉందో లేదో మెట్టు మీదే తేలిపోవడం కన్నా ఏం కావాలి? ఈయన ఉందన్నాడంటే ఉన్నట్టే. ఆ నమ్మకం మీదే షాపు నడిచింది, పైన ఇల్లు లేచింది.

అలాంటి ఊరికి ప్రభంజన్ కుమార్ గారు మునిసిపల్ కమిషనరుగా వచ్చారు. మంచి మనిషి. లంచం ముట్టరు, గొంతు పెంచరు. ఆయనకున్న బలహీనతల్లా ఒక్కటే, శిక్షణా తరగతులు. ఎక్కడ తరగతి జరిగినా వెళ్లేవారు. వెళ్లినచోట చెప్పిందంతా నమ్మేవారు. నమ్మిందంతా తిరిగొచ్చి ఊరి మీద అమలు చేసేవారు. ఒకసారి వెళ్లొచ్చాక ఆఫీసులో ఫైలు అందుకున్న ప్రతి గుమాస్తా చప్పట్లు కొట్టాలన్నారు. కొన్నాళ్లపాటు బయట రోడ్డున పోయేవాళ్లు లోపల ఎవరిదో సన్మానం జరుగుతోందనుకున్నారు.

ఈసారి తరగతి ఏదో కొండమీది హోటల్లో జరిగింది. విషయం, వ్యాపార విజేతల అలవాట్లు, ఆలోచనా సరళి. అక్కడ తెల్లకోటు వేసుకున్న ఒకాయన తెర మీద బొమ్మలు చూపిస్తూ పెద్ద రహస్యం చెప్పాడు. గొప్ప వ్యాపారవేత్తలందరూ తెల్లవారకముందే లేస్తారట, చన్నీళ్లు పోసుకుంటారట, అన్నిటినీ మించి వాళ్ల నోట ఎప్పుడూ "లేదు" అనే మాట రాదట. వాళ్లు ఆ మాట మానేసి కోటీశ్వరులయ్యారా, కోటీశ్వరులయ్యాక ఆ మాటతో అవసరం తీరిపోయిందా అన్న సందేహం ఆ హోటల్లో ఎవరికీ రాలేదు. భోజనాలు చాలా బాగున్నాయట.

కమిషనరు గారు వెలిగిపోతూ తిరిగొచ్చారు. వచ్చినరోజే "సంపూర్ణ సానుకూల వ్యాపార పట్టణ పథకం" అని ఉత్తర్వు తయారైంది. తయారు చేయడంలో ఒక చిక్కు వచ్చిపడింది. ఏ మాటనైతే ఊళ్లోంచి తరిమేయాలో ఆ మాట ఉత్తర్వులో రాస్తే, మొదటి నేరం మునిసిపాలిటీదే అవుతుంది. అందుకని ఇలా రాశారు:

"లకారముతో ప్రారంభమై ఉకారముతో ముగియు రెండక్షరముల నిరాశాజనక పదమునకును, దాని వంశమునకు చెందిన ఇతర పదములకును, పట్టణమందలి సమస్త వాణిజ్య సంస్థలలో శాశ్వత విశ్రాంతి కల్పించడమైనది. వినియోగదారుడు కోరిన వస్తువు ఆ సమయమున అగుపించనియెడల, 'అది మీ కోసం ప్రయాణంలో ఉంది' అని చిరునవ్వుతో పలుకవలెను. పిదప సదరు వినియోగదారుని ఆసీనుని గావించి, మంచినీరొసగి, వస్తువు చేరువరకు ఆదరించవలెను."

ఉత్తర్వు గోడలకి అంటించిన రోజున మిఠాయి కొట్టు యజమాని లడ్డూల పళ్లాలన్నీ బల్లకింద దాచేశాడు. "లడ్డు కూడా రెండక్షరాలేగా, మనకెందుకొచ్చిన గొడవ" అన్నాడు. ఎలక్ట్రికల్ షాపతను లైటు అనడం మానేసి "వెలిగేది" అనసాగాడు. చివరికి ఇన్‌స్పెక్టరు ధనుంజయరావు షాపుషాపుకీ తిరిగి, ఆ మాట తనూ అనకూడదు కాబట్టి, తల అడ్డంగా ఊపి, రెండు చేతులూ గాల్లో తిప్పి, పెదవి విరిచి చూపించి, ఏ పదమో అందరికీ అర్థమయ్యేలా చేశాడు. అంతకు ముందు ఆయన శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు పట్టణ సానుకూలతా తనిఖీ అధికారి. కాలువలు ఎవరు చూస్తారని అడిగితే, "చూసేవారు ప్రయాణంలో ఉన్నారు" అని జవాబు.

ఆ వారంలోనే వ్యాపారులందరినీ కల్యాణ మండపానికి పిలిచి కమిషనరు గారు తరగతి చెప్పారు.

"మిత్రులారా! స్టాకు అనేది గోడౌనులో ఉండదు. ఇక్కడ ఉంటుంది" అని గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "స్టాకు ఒక మనఃస్థితి. ఓడిపోయేవాడు ఖాళీ అలమర చూస్తాడు. విజేత, అందులోకి రాబోయే సరుకును చూస్తాడు!"

వెనక వరసలోంచి వైకుంఠం లేచి నిలబడ్డాడు.

"తమరు చెప్పింది బాగుందండీ. కొనేవాడు వచ్చి అరంగుళం మేకులడిగాడనుకోండి. నాకు రాబోయే మేకులు కనిపిస్తాయి, సరే. ఆయనకి తలుపు బిగించుకోవాలి కదండీ. రాబోయే మేకుల్ని సుత్తితో ఎలా కొడతాడు?"

మండపమంతా నవ్వింది. కమిషనరు గారూ నవ్వారు. ఆయన గొంతు పెంచరని చెప్పాను కదా.

"మీ పేరేంటండీ?"

"వైకుంఠమండీ. హార్డ్‌వేరు షాపు."

"వైకుంఠం గారూ, మీలో అపారమైన విజేత నిద్రపోతున్నాడు. మేం లేపుతాం" అన్నారాయన ఆప్యాయంగా. ధనుంజయరావు పేరు రాసుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక వైకుంఠం భార్య మాణిక్యం కంచం పెడుతూ అంది. "ఏవండీ, మూడుసార్లు తప్పితే షాపు లైసెన్సు రద్దట, అందాకా తెచ్చుకోకండి. ఊరంతా అంటోంది, మీరూ అనండి. ఆ మాట ఇంట్లో కావలసినంత అనుకుందురు గాని."

"ఇంట్లో ఏది లేదంటాను?"

"పప్పులో ఉప్పు లేదనండి. నిజంగానే మర్చిపోయాను."

వైకుంఠానికి కూడా లైసెన్సు పోతుందంటే భయమే. తండ్రి చేతిమీదుగా వచ్చిన షాపు. ఆ షాపు తప్ప ఆయనకి మరో పని తెలియదు. మర్నాటి నుంచీ ఆయన కూడా చిరునవ్వు నవ్వడం మొదలుపెట్టాడు. అలవాటు లేని మొహం కావడంతో చూసినవాళ్లు పంటినొప్పి అనుకుని పరామర్శించారు.

ఇలా ఉండగా ఓ మధ్యాహ్నం ప్లంబరు యేసుదాసు పరుగున వచ్చాడు. చొక్కా తడిసి ఉంది.

"వైకుంఠం గారండీ, ఇంచి గేటు వాల్వు ఒకటి ఇవ్వండి. టీచరమ్మగారింట్లో టాంకు కింద పైపు పగిలిపోయింది. బొటనవేలు అడ్డంపెట్టించి వచ్చానండీ."

వాల్వు లేదు. నాలిక చివరిదాకా వచ్చిన మాటని మింగేసి వైకుంఠం, "అది నీ కోసం ప్రయాణంలో ఉంది యేసూ" అన్నాడు.

ఇన్నేళ్లలో వైకుంఠం మాట ఎన్నడూ తేడా పడలేదు. యేసుదాసు స్టూలు మీద కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు. వీధి చివరికి చూశాడు. ఆటో శబ్దమైనప్పుడల్లా లేచి నిలబడ్డాడు. వైకుంఠం తలెత్తకుండా మేకులు జల్లెడపడుతూ కూర్చున్నాడు. చాలాసేపటికి టీచరమ్మే వచ్చింది. చీర మోకాళ్లదాకా తడిసిపోయి ఉంది.

"ఏమయ్యా యేసుదాసూ, మా ఆయన బొటనవేలు పెట్టుకుని అక్కడ కూర్చున్నాడు. నువ్విక్కడ కాళ్లూపుకుంటూ కూర్చున్నావా? మంచం కిందికొచ్చేశాయి నీళ్లు!"

"వాల్వు వస్తోందండీ. వైకుంఠం గారు చెప్పారు" అన్నాడు యేసుదాసు ధీమాగా.

ఆ ధీమా చూసేసరికి వైకుంఠం మొహం మాడిపోయింది. జల్లెడ పక్కన పడేసి లేచాడు.

"లేదు యేసూ! వాల్వు లేదు. ప్రయాణమూ లేదు, పాడూ లేదు. బస్టాండు కొట్టుకి పరిగెత్తు. నా సైకిలు తీసుకుపో. తప్పు నాది."

యేసుదాసు సైకిలెక్కాడు. టీచరమ్మ నోరెళ్లబెట్టింది. ఎదుటి కిళ్లీకొట్టు దగ్గర సోడా తాగుతున్న ధనుంజయరావు గ్లాసు కిందపెట్టి, రోడ్డు దాటి వచ్చాడు.

"ఒకే శ్వాసలో నాలుగైదుసార్లు అన్నారు వైకుంఠం గారూ" అన్నాడు బాధగా. "ఒకసారైతే వినపడనట్టు ఊరుకుందును."

మొదటి తప్పుకి శిక్షగా షాపు తలుపు మీద ఎర్ర కాగితం అంటించారు. "ఈ దుకాణదారు ఓటమి మనస్తత్వముతో బాధపడుచున్నాడు. ప్రజలు గమనించగలరు."

ప్రజలు గమనించారు. మర్నాడు షాపు తెరిచేసరికి మెట్ల మీద జనం.

సంగతేమిటంటే, అప్పటికి ఊరు ఊరంతా ఎదురుచూస్తోంది. మందుల షాపులో జ్వరంతో వచ్చినవాళ్లు మాత్ర ప్రయాణంలో ఉందని బల్లల మీద ఒకళ్ల భుజం మీద ఒకళ్లు తలవాల్చి కూర్చున్నారు. బిర్యానీ హోటల్లో మటన్ దారిలో ఉందని నమ్మి కూర్చున్నవాళ్లకి, ఆ మటన్ ఇంకా మేస్తోందని చెప్పేవాడు లేడు. బట్టల కొట్లో పెళ్లివారు పట్టుచీర రంగు కోసం కూర్చుంటే, పెళ్లికొడుకు తరఫువాళ్లు వెతుక్కుంటూ వచ్చి వాళ్లూ పక్కనే కూర్చున్నారు. వ్యాపారులేమో ఆదరించలేక చస్తున్నారు. కొనేవాడు నిలబడే చోటంతా ఎదురుచూసేవాళ్లతో నిండిపోయి, సరుకు ఉన్న కొట్లో కూడా అమ్మకం ఆగిపోయింది. ఇదంతా చూసి కమిషనరు గారు, "పట్టణంలో ఏ దుకాణం చూసినా కిటకిటలాడుచున్నది" అని పైకి నివేదిక పంపారు. అది అబద్ధం కూడా కాదు.

మొత్తం ఊళ్లో నిజం చెప్పే నోరు ఎక్కడుందో ఆ ఎర్ర కాగితం చూపించింది. జనం వైకుంఠం దగ్గరికి హార్డ్‌వేరు కోసం కాదు, జవాబు కోసం రాసాగారు.

"మందుల షాపులో మా అమ్మ మాత్ర ఉందాండీ?"

"లేదు. ప్రయాణంలో ఉందన్నారంటే లేనట్టే. పెద్దాసుపత్రి ఎదురుగా అడుగు."

"బిర్యానీ?"

"లేదు. ఇంటికెళ్లి పెరుగన్నం తిను."

పనిలో పనిగా అలా వచ్చినవాళ్లు ఒక తాళమో, తాడో కొనుక్కుపోయేవాళ్లు. వైకుంఠం బేరం ఎన్నడూ లేనంత బాగా సాగింది. అది చూసి తక్కిన వ్యాపారులకి కడుపు మండింది. మిఠాయి కొట్టాయన ధనుంజయరావు వినేలా కావాలనే, "బాదుషా లేదు" అన్నాడు. ఇంకొకాయన మునిసిపల్ ఆఫీసు గుమ్మంలో నిలబడి పది రకాలుగా అన్నాడు. ఎర్ర కాగితాలకి గిరాకీ పెరిగిపోయి, చివరికి వాటి కోసం వెళ్లినవాళ్లకి కూడా, "మీ కాగితం ప్రయాణంలో ఉంది, కూర్చోండి" అని జవాబు వచ్చింది.

వైకుంఠం అలా జవాబులు చెప్పడం రెండో తప్పయింది, దానికి శిక్ష అద్దం. మునిసిపల్ ఆఫీసు వరండాలో నిలువుటద్దం పెట్టారు. వైకుంఠం రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడి, తన కళ్లలోకి తనే చూసుకుంటూ, "నా దగ్గర అన్నీ ఉన్నాయి" అనాలి. ఆయన అన్నాడు కూడా. పక్కన చూడ్డానికొచ్చిన మాణిక్యం, "ఇంకాస్త గట్టిగా అనకండి, ఆదాయప్పన్ను వాళ్లు వింటారు" అంది. అద్దం చుట్టూ చేరినవాళ్లు ఆయన ఇవతలికి రాగానే, "సిమెంటు ఉందాండీ?" అని అడిగారు. "లేదు" అన్నాడాయన. అద్దం సాక్షిగా మూడో తప్పు జరిగిపోయింది.

నోటీసు వచ్చింది. లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో ఫలానా రోజు హాజరై చెప్పుకోవాలి.

ఆ రోజు వైకుంఠం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తండ్రి ఫొటోకి దణ్ణం పెట్టి, షాపు మూసి, ఆఫీసుకి బయల్దేరాడు. షాపు మూసి ఉండడంతో, ఆయన్ని అడగవలసినవాళ్లంతా ఆయన వెనకే నడిచారు. వీధి కుళాయి దగ్గర మాణిక్యం ఎదురైంది. కుళాయిలో నీళ్లు రాక చాలా రోజులైంది. నీళ్లు వదిలే మనిషిని అడిగితే ప్రయాణంలో ఉన్నాయన్నాడట. ఆవిడ ఖాళీ బిందె చంకనెత్తుకునే మొగుడి పక్కన నడిచింది. ఆవిణ్ని చూసి తక్కిన ఆడవాళ్లూ బిందెలతో కదిలారు.

కమిషనరు గారి హాల్లో విచారణ మొదలైంది. ధనుంజయరావు ఆరోపణలు చదివాడు. నేరానికి కారణమైన పదం వచ్చినప్పుడల్లా ఆగి, తల అడ్డంగా ఊపి, మళ్లీ చదివాడు.

"వైకుంఠం గారూ, మీ సమాధానం?" అన్నారు కమిషనరు గారు.

"ఏం చెప్పమంటారండీ. ఉన్నది ఉందంటాను, లేనిది లేదంటాను. నలభై రకాల బోల్టులు అమ్ముతాను గాని, రెండు రకాల మాటలు అమ్మడం నాకు రాలేదు. షాపు తీసేస్తే ఏం చేస్తానో నాకూ తెలీదండీ."

మాణిక్యం బిందె దభీమని కిందపెట్టింది.

"సారూ, ఆయన సంగతి తరవాత. ముందు నాకొక మాట చెప్పండి. మా వీధి కుళాయిలో నీళ్లున్నాయా?"

కమిషనరు గారు అలవాటుగా చిరునవ్వు నవ్వారు. "అమ్మా, నీళ్లు మీ కోసం ప్రయాణంలో ఉన్నాయి."

"అయితే ఎదురుచూస్తాం" అంది మాణిక్యం.

కుళాయి కనెక్షనుకి ఆఫీసు రుసుము తీసుకుంటోంది కాబట్టి అదీ వాణిజ్య సంస్థే అని, ఆదర్శంగా ఉండాలని, గుమ్మంలో బోర్డు పెట్టించింది కమిషనరు గారే. ఉత్తర్వు ప్రకారం వచ్చినవాళ్లని కూర్చోబెట్టాలి, నీళ్లివ్వాలి, వస్తువు చేరేదాకా ఆదరించాలి. గుమాస్తాలు లేచి కుర్చీలిచ్చారు. కుర్చీలు అయిపోతే బల్లలు. కబురు పాకి, కాలువ కోసం, వీధిదీపం కోసం, జనన ధ్రువపత్రం కోసం ఎదురుచూస్తున్నవాళ్లూ వచ్చి కూర్చున్నారు. ఎవరో కారియర్లు తెచ్చారు. పులిహోర వాసన ఫైళ్ల గదిదాకా వెళ్లింది. కమిషనరు గారు తమ కుర్చీ ఒక ముసలాయనకిచ్చి, గోడకి ఆనుకుని నిలబడ్డారు.

అప్పుడు ఫోను మోగింది. ప్రాంతీయ డైరెక్టరు గారు. హాల్లో గోలకి మాట వినపడక, కమిషనరు గారు స్పీకరు నొక్కారు. పైఅధికారి గొంతు వినగానే అందరూ నోళ్లు మూసుకున్నారు.

"ప్రభంజన్, నీ నివేదికలు చూశానయ్యా. ఏ పేజీలోనూ కొరత అన్న మాటే కనపళ్లేదు. భేష్! అందుకని మీకు మంజూరైన మంచినీళ్ల పైపులైను పక్క ఊరికి మళ్లిస్తున్నాం. ఫైలు నా ముందే ఉంది, సంతకం పెట్టబోతున్నా. మాటవరసకి అడుగుతున్నా. మీ ఊళ్లో నీళ్లున్నాయి కదా?"

కమిషనరు గారి మొహం పాలిపోయింది.

"సార్... నీళ్లు... ప్రయాణంలో..."

"ప్రయాణమేంటయ్యా? బస్సా అది? ఉన్నాయా లేవా?"

"పుష్కలంగా... పుష్కలంగా ఆశ ఉంది సార్."

"ఆశకి పైపులెందుకు? సరే, సంతకం పెట్టేస్తున్నా."

కమిషనరు గారు చుట్టూ చూశారు. ఆయన కళ్లకి బల్లల మీద, కిటికీల్లో, మెట్ల మీద అన్నీ బిందెలే కనిపించాయి. చివరికి ఆయన చూపు వైకుంఠం మీద పడింది. నేరస్థుడు ముందుకొంగి, పిల్లాడికి మందు తాగించేవాడిలా మెల్లగా చెప్పాడు.

"అనేయండి సార్. మొదట్లో గొంతుకి అడ్డంపడుతుంది. ఒక్కసారి బయటికొస్తే హాయిగా ఉంటుంది."

"లే..." అన్నారు కమిషనరు గారు.

"లేవాలా? ఎవరు లేవాలి?" అంది ఫోను.

"లేవు సార్!" అని అరిచారాయన. జీవితంలో మొదటిసారి గొంతు పెంచారు. "నీళ్లు లేవు! పైపులు లేవు! కాలువలు చూసే మనిషి లేడు! నాకు కూర్చోడానికి కుర్చీ కూడా లేదు సార్!"

హాలంతా ఈలలు, చప్పట్లు. ధనుంజయరావు ఆరోపణల కాగితాలు గాల్లోకి విసిరేశాడు.

ఈలలు సద్దుమణిగాక డైరెక్టరు గారు, "ఈ ముక్క మొదటే చెప్పొద్దటయ్యా? ఫైలు ఆపుతున్నాను. పైపులైను మీకే" అని పెట్టేశారు.

కమిషనరు గారు బల్ల అంచు మీద చతికిలబడ్డారు. చెమటలు కారిపోతున్నాయి గాని, మొహం మాత్రం కొండమీది హోటలు నుంచి వచ్చిన రోజు కన్నా తేటగా ఉంది. మాణిక్యం ఆకులో పులిహోర పెట్టి చేతికిచ్చింది. ఆయన ఆకు ఖాళీ చేశారు.

పథకాన్ని రద్దు చేయలేదు. రద్దు అనేది సానుకూలమైన మాట కాదు. "పథకము తన లక్ష్యములన్నిటిని అంచనాలకు మించి సాధించినందున, దానికి సగౌరవముగా వీడ్కోలు పలుకడమైనది" అని ఉత్తర్వు వెలువడింది. బల్లల మీద కూర్చున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఇళ్లకి వెళ్లారు.

ఇక మిగిలింది వైకుంఠం లైసెన్సు. ధనుంజయరావు ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ధ్రువపత్రం రాయడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్లూ తల ఊపి ఊపి ఆయన మెడ పట్టేసింది. కలం చేతికి రాగానే పూనకం వచ్చినట్టయింది. "సదరు వైకుంఠముపై ఆరోపణలు లేవు" అని రాశాడు. దాన్ని ఒకసారి చూసుకుని మురిసిపోయాడు. "అభ్యంతరములు లేవు. బకాయిలు లేవు" అని రాశాడు. అక్కడితో సరిపోతుంది గాని చెయ్యి ఆగలేదు. "అంటువ్యాధులు లేవు. కుక్కలు లేవు. పొరుగువారితో తగాదాలు లేవు" అని రాసుకుంటూ పోయాడు. పేజీ నిండిపోయింది.

వైకుంఠం ఓపికపట్టి చూసి చూసి, చివరికి, "ఇన్‌స్పెక్టరు గారూ, నేను చేయవలసిందింకేమైనా ఉందాండీ?" అని అడిగాడు.

ధనుంజయరావు కలం కింద పెట్టాడు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, నోరారా అన్నాడు.

"లేదు."